తొమ్మిదో నంబరు పగులు

మాసికల మేస్త్రి రోడ్డు మీద నడిచేటప్పుడు తలెత్తడు. ఎదురుగా ఎవరొస్తున్నారో చూడడు, కొట్ల మీద బోర్డులు చూడడు. ఆకాశం వంక చూశాడంటే వానొస్తుందా రాదా అని తేల్చుకోవడానికే. ముప్పై ఒక్క ఏళ్లుగా అతని చూపంతా కాళ్ల ముందు నాలుగడుగుల మేరే. పెళ్లి మాట మాట్లాడటానికి మామగారింటికి వెళ్లిన రోజున కూడా, పిల్ల నచ్చిందా అని అడిగితే, మీ వాకిట్లో గచ్చు బీటలిచ్చింది, ఇలాగే వదిలేస్తే వచ్చే వానలకి గడప కుంగుతుంది అన్నాడట. ఈ ముచ్చట అతని భార్య ఎవరు దొరికితే వాళ్లకి చెబుతుంది. అందులో ఎత్తిపొడుపు ఎంతుంటుందో మురిపెమూ అంతే ఉంటుంది.

రోడ్ల మరమ్మతు గ్యాంగుకి అతను మేస్త్రి. గ్యాంగంటే పెద్ద పటాలమేమీ కాదు, మొత్తం ఏడుగురు. తారు కాచేవాళ్లిద్దరు, కంకర మోసేవాళ్లిద్దరు, రోలరు నడిపే ఆయన ఒకడు, మేస్త్రి, మేస్త్రి భార్య. పగుళ్లలో దుమ్మూ మట్టీ తీగల బ్రష్షుతో గీకి ఊడ్చేయడం ఆవిడ పని. ఆవిడ గీకిన పగుల్లో పోసిన తారు పట్టుకున్నంత గట్టిగా ఇంకెవరు గీకినా పట్టదని మేస్త్రి నమ్మకం. ఆ మాట ఆవిడ మొహాన మాత్రం ఒక్కనాడూ అనలేదు. రోలరు ఆయన్ని అందరూ నిదానం అంటారు. రోలరు నడిపే వేగంతోనే అన్నం తింటాడు, అదే వేగంతో మాట్లాడతాడు. అతను జోకు వేస్తే చివరికొచ్చేసరికి వినేవాళ్లు మొదలు మర్చిపోతారు.

మేస్త్రికి చదువు అంతంత మాత్రం. అంకెలు చదవగలడు గానీ రాయమంటే వంకర్లు పోతాయి. పగులు చదవమనండి, గడగడా చదివేస్తాడు. ఇది ఎండకి వచ్చింది, ఇది కింద నీరు చేరి వచ్చింది, ఇది బస్సు బ్రేకు వేసి వేసి వచ్చింది, ఇది పైపుల వాళ్లు తవ్వి సరిగ్గా పూడ్చక వచ్చింది అని, డాక్టరు నాడి చూసినట్టు చెబుతాడు. కుడి ముంజేతి నిండా తారు పడి కాలిన మచ్చలు. ఎడమ మోకాలు వంచితే టక్కుమంటుంది. వంచకుండా గడిచిన రోజు లేదు.

పగులంటే అతనికి అంత పట్టుదల ఊరికే రాలేదు. పనిలో చేరిన రెండో ఏడు, ఓ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే వేలు దూరేంత పగులొకటి కనబడింది. అప్పటికే తారు డ్రమ్ము కింద మంట ఆర్పేశారు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఆ రాత్రి వాన కొట్టింది. తెల్లారేసరికి అక్కడ బకెట్టంత గుంత. ఆ గుంతలో పోస్టుమాన్ సైకిలు ముందు చక్రం, పక్కన పోస్టుమాను, ఆయన చేతిలో ఊడిపడ్డ రెండు ముందు పళ్లు. పోస్టుమాను మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. రిటైరయ్యేదాకా మేస్త్రి ఎదురుపడ్డప్పుడల్లా నోరారా నవ్వేవాడు. ఆ నవ్వులో రెండు పళ్ల సందు చూసినప్పుడల్లా మేస్త్రికి చచ్చినంత పనయ్యేది. తిట్టి ఉంటే ఏడాదికల్లా మర్చిపోయేవాడేమో. అప్పట్నుంచీ వానకి ముందు ఒక్క పగులు కూడా తెరిచి వదల్లేదు.

అలాంటివాడిని పట్టుకుని, పగుళ్లు చూస్తూ ఊరుకోవడమే పనిగా అప్పగించారు చూడండి, ఖర్మ అంటే అది.

విషయమేమిటంటే, బస్సుల డిపోకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య రెండు వందల అడుగుల ముక్క పాతది లేపేసి కొత్త రకం రోడ్డు వేశారు. తనకి తగిలిన గాయం తనే మాన్పుకునే రోడ్డట. దాన్ని తయారు చేసింది రోడ్ల ఆఫీసులో పనిచేసే ఇంజనీరమ్మ. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల. నాలుగేళ్లుగా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో తారు ఇటుకలు పోసి, విరిచి, ఎండలో పెట్టి, అతుక్కున్నాయో లేదో మళ్లీ విరిచి చూసుకుంటూ కూర్చుంది. రోడ్డు వేసే రోజున మేస్త్రిని పక్కకి పిలిచి, గుప్పెడు పూసలు అరచేతిలో పోసి చూపించింది. మిరియపు గింజంత ఉన్నాయి. ఇవి తారులో కలిపామనీ, పగులు వచ్చినప్పుడు ఆ దారిలో ఉన్న పూస చిట్లి లోపలి మందు కారుతుందనీ, దాంతో గట్టిపడ్డ తారు మళ్లీ మెత్తబడి, ఎండకి రెండు అంచులూ కలిసిపోతాయనీ చెప్పింది. ఒక పూసని గోళ్ల మధ్య చిదిపి చూపించింది. మేస్త్రి వేలికి అద్దుకుని వాసన చూశాడు.

"ఇది వంటనూనె కదమ్మా" అన్నాడు.

"వంటనూనే మేస్త్రి గారూ. అంతకంటే మంచి మందు దొరకలేదు" అని నవ్వింది ఆ అమ్మాయి.

ఆ ఆఫీసు పెద్దసారు కూడా వచ్చాడు. కారు దిగకుండా అద్దం సగం దించి మాట్లాడాడు. వచ్చే తొలి వాన నాటికి ఈ ముక్క తన పగుళ్లు తానే మూసుకుంటే, ఊరికి అటు చివర నుంచి ఇటు చివర దాకా పదకొండు కిలోమీటర్లూ ఇదే వేస్తారు. అప్పుడిక మరమ్మతు గ్యాంగుతో పనుండదు. ఏడుగురినీ ఎక్కడో ఒకచోట సర్దుతామన్నాడు. ట్రంకుపెట్టెలో పాత బట్టల గురించి చెప్పినట్టు చెప్పి, అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు. నిదానం చాలాసేపు ఆలోచించి, దీనికి నయమైతే జబ్బు మనకన్నమాట అన్నాడు. ఆ ఒక్కసారి అతని జోకు అందరికీ మొదట్నుంచి చివరిదాకా అర్థమైంది.

చలికాలం పోయేసరికి ఆ ముక్క మీద పదిహేను పగుళ్లు లేచాయి. ఇంజనీరమ్మ వాటి పక్కన తెల్ల రంగుతో నంబర్లు వేసింది. పది ఉక్కు రేకుల గుత్తి ఒకటి మేస్త్రికి ఇచ్చింది, ఒకటో నంబరు రేకు అన్నిటికంటే సన్నం, పదోది అన్నిటికంటే మందం. రోజూ పొద్దున ఏడింటికి ఒక్కో పగుల్లో ఏ నంబరు రేకు దిగుతుందో చూడాలి, పుస్తకంలో రాయాలి. అంతే. తారు పోయకూడదు, ఇసుక చల్లకూడదు, ఊడ్వను కూడా ఊడ్వకూడదు. చెయ్యి పెడితే పరీక్ష పాడవుతుంది. మేస్త్రి చూసేవాడు, భార్య రాసేది. మోకాలు టక్కుమనిపించి కూర్చుని, రేకు దించి, ఒకటో నంబరు, మూడో రేకు అని అతను అనగానే ఆవిడ గుండ్రటి అంకెల్లో వేసి, రాశాను అనేది. రాశాను అన్న మాట వినబడ్డాకే అతను పైకి లేచేవాడు.

ఎండలు ముదిరాయి. నమ్మండి, నమ్మకపొండి, ట్యాంకు వైపున్న మూడు పగుళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి. మూడో రేకు దిగినచోట రెండోది, తర్వాత ఒకటోది, ఓ పొద్దున ఏదీ దిగలేదు. మేస్త్రి అక్కడ అరచేత్తో తడిమి చూశాడు. నున్నగా ఉంది. తను లేకుండా ఒక పగులు పూడటం అతని జీవితంలో అదే మొదలు. సంతోషమో దిగులో అతనికే తెలియలేదు. ఆ రోజు అన్నం సయించలేదన్నది మాత్రం నిజం.

డిపో వైపు పగుళ్లు మాత్రం మొండికేశాయి. అక్కడ బస్సులు పొద్దస్తమానం ఆగుతాయి, కదులుతాయి. అతుక్కుందామని రెండు అంచులూ దగ్గరకొచ్చేలోపు మరో చక్రం వచ్చి విడదీస్తుంది. రోజుకి నాలుగు గంటలైనా ఆ మేర బండ్లు ఆపండి, దానికి విశ్రాంతి ఉంటేనే మానుతుంది అని ఇంజనీరమ్మ పెద్దసారుకి చెప్పి చూసింది. రోడ్డుకి విశ్రాంతేమిటని ఆయన నవ్వేశాడు. అన్నిటికంటే మొండిది తొమ్మిదో నంబరు. బస్సులు డిపోలోకి తిరిగే చోట, చేతికర్ర పొడుగున ఉంది. మొదట నాలుగో రేకు దిగేది, తర్వాత ఐదోది దిగింది. బస్సు వచ్చి దాని మీద కీచుమని బ్రేకు వేస్తే, తారు కాచే ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకునేవారు. వాళ్లని తప్పు పట్టి ఏం లాభం. అది తెరుచుకుని ఉన్నంతకాలమే వాళ్ల పని ఉంటుంది.

వానలకి మూడు వారాలుందనగా ఆరో రేకు దిగింది. మేస్త్రి ఆఫీసుకి వెళ్లి, ఆ ఒక్కదానికి కాస్త తారు పోస్తానమ్మా అని అడిగాడు. ఇంజనీరమ్మ కళ్లకింద చారలు. ఆ పిల్లకి వద్దనక తప్పదు, వద్దనడానికి నోరూ రావడం లేదు. చివరికి, పోస్తే అది మీరు మాన్పినట్టవుతుంది మేస్త్రి గారూ, అది మాన్పుకున్నట్టు కాదు అంది. నిజమే. ఆ నిజాన్ని అతనేం చేసుకోవాలి? రోజూ పొద్దున వెళ్లి ఆ నోరు తెరుచుకున్న పగుల్లో రేకు పెట్టాలి, నంబరు చెప్పాలి, లేచి వచ్చేయాలి. నిద్రలో అతనికి పోస్టుమాను నవ్వు కనబడటం మొదలైంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, గ్యాంగంతా డిపో గోడ నీడన కునుకు తీస్తుంటే, మేస్త్రి బండ్లు తప్పుకుని పోవడానికి పెట్టే కోన్లు రెండు తీసుకెళ్లి తొమ్మిదో నంబరుకి అటూ ఇటూ పెట్టాడు. జేబులోంచి చెవిలో మందు వేసుకునే చిన్న సీసా తీశాడు. భార్యకి చెవిపోటు తగ్గాక గూట్లో పడి ఉన్న సీసా అది. అందులో ఇంట్లోంచి తెచ్చిన వంటనూనె. మోకాలు టక్కుమంది. ఒక్కో చుక్కా పగులు పొడుగునా వదులుతూ వెళ్లాడు. ఎండకి తారు కుతకుతలాడుతోంది. నూనె అలా లోపలికి ఇంకిపోతుంటే, తాగు, తాగు అని దానితో అన్నాడు. నేను తారు పోయలేదు, ఇసుక చల్లలేదు, దాని మందే దానికి వేశాను, పూసలు చిట్లనిచోట చిట్లించినట్టే కదా అని తనకి తను చెప్పుకున్నాడు. అది బుకాయింపని అతనికి తెలుసు. చేతులు మాత్రం చాలా రోజుల తర్వాత హాయిగా ఉన్నాయి.

ఆరో రేకు ఐదుకి దిగింది. మిగతా పదకొండూ చూస్తూ ఊరుకుంటాయా, అవీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. వాటికీ పోశాడు. పన్నెండో నంబరు మీద మాత్రం పాడైపోయిన బస్సొకటి తెచ్చి నిలబెట్టారు, దాని కిందికి దూరడం అతని వల్ల కాలేదు.

వంటగదిలో నూనె డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో భార్యకి అర్థం కాలేదు. చెవి మందు సీసా కూడా కనబడకపోయేసరికి ఆవిడకి ఏదో తట్టింది. మర్నాడు మధ్యాహ్నం నిద్ర నటించి, తర్వాత వెనకే వెళ్లింది. రెండు కోన్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, పసిబిడ్డ చెవిలో వేసినట్టు చుక్కలు వేస్తున్న మొగుణ్ని చూసింది. ఇంటికొచ్చి తలుపు వేశాక అడిగింది.

"అది ఏడుగురి నోటికాడి కూడు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే పోస్తున్నావా?"

"అది అలా నోరు తెరుచుకుని ఉంటే నేను చూడలేకపోతున్నానే. వానొచ్చేస్తోంది."

"రానీ. నీళ్లు దిగి పాడైపోనీ. పాడైతే మళ్లీ మనమే కదా బాగుచేసేది."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన కన్ను మనమే పొడుచుకుంటున్నాం అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేస్త్రి మానేస్తానన్నాడు. మానేద్దామనే అనుకున్నాడు కూడా. మూడు రోజులు మధ్యాహ్నాలు చేతులు తొడల కింద పెట్టుకుని గోడ నీడన కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున తొమ్మిదో నంబరులో మళ్లీ ఆరో రేకు దిగింది. ఆవిడ రాసింది, రాశాను అంది, తల తిప్పుకుంది. ఆ మధ్యాహ్నం అతను మళ్లీ వెళ్లాడు. ఆవిడ నూనె డబ్బా దాచేసిందని టీకొట్టు ఆయన దగ్గర అరగ్లాసు అడిగి తెచ్చుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఆవిడ సాయంత్రానికే డబ్బా తెచ్చి పొయ్యి పక్కన ఠక్కున పెట్టింది.

"బయట చెయ్యి చాపకు. పరువు పోతుంది" అంది.

ఆ తర్వాత ఆవిడ ఈ ఊసెత్తలేదు. గ్యాంగు వాళ్ల మధ్య కూర్చుని టీ తాగేటప్పుడు మాత్రం ఎవరి మొహమూ సూటిగా చూడలేకపోయేది. నిదానం రోజూ అడిగేవాడు, ఏం వదినా, ఇవాళ ఎన్ని మూసుకున్నాయి అని. ఆవిడ చెబితే, ఇదేం చోద్యమమ్మా, డిపో వైపు కూడా మూసుకుపోతున్నాయే అని తల గోక్కునేవాడు. ఆవిడకి భూమి చీలితే బాగుండుననిపించేది. ఆ చీలికని కూడా ఈ మనిషి పూడ్చేస్తాడని మళ్లీ తనే అనుకునేది.

తొలి వాన పడే నాటికి పదిహేనులో పద్నాలుగు మూసుకుపోయాయి. ఇంజనీరమ్మ గొడుగైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదో నంబరు దగ్గర కూర్చుని చూసింది. నీళ్లు పైనుంచి జారిపోతున్నాయి, లోపలికి చుక్క దిగడం లేదు. ఆ పిల్ల తడిసిన జుట్టుతో వచ్చి మేస్త్రి రెండు చేతులూ పట్టేసుకుంది. అంతవరకూ మేస్త్రి గారూ అనేది, ఆ రోజు బాబాయ్ అంది. అతని భార్యని పిన్నీ అంది. రిపోర్టు పంపేశానని చెప్పింది, అందులో కొలతలు తీసిన మనిషిగా అతని గురించి రాశానని చెప్పింది. ఆ తర్వాత తల వంచుకుని, గ్యాంగుని నెలాఖరుకి ఎత్తేస్తున్నారు బాబాయ్, నేనేం చేయలేకపోయాను అంది. మేస్త్రి ఆ చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేకపోయాడు, ఉంచలేకపోయాడు.

ఇంటికెళ్లాక భార్యే అంది, వెళ్లి చెప్పు అని. ఇంకా నెలాఖరు కాలేదు, నిజం తెలిస్తే ఆపుతారేమో అంది. మర్నాడు ఇద్దరూ రేకుల షెడ్డుకి వెళ్లారు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది. మేస్త్రి చెవి మందు సీసా తీసి, తారు ఇటుకల మధ్య ఇంజనీరమ్మ ముందు పెట్టాడు.

"ఇదేంటి బాబాయ్?"

"మందమ్మా" అన్నాడు. ఆపైన తడబడుతూ అంతా చెప్పాడు.

ఆ అమ్మాయి మొహంలో నెత్తురు లేదు. ఏవేవి అని అడిగింది. అతను నంబర్లు చెబుతుంటే గోడకి అంటించిన పగుళ్ల నంబర్ల కాగితంలో ఒక్కొక్కదాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. పదకొండు సున్నాలయ్యాయి. సున్నా లేకుండా మిగిలింది ఆ ట్యాంకు వైపు మూడూ, బస్సు కిందున్న ఒకటీ.

"ఎన్నేసి చుక్కలు పోశారు?"

"అది తాగినన్నమ్మా."

ఆ పిల్ల నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

"ఇన్నాళ్లూ నేను కొలిచింది రోడ్డుని కాదు బాబాయ్. మీ చేతిని" అంది.

తిడితే బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు. ఆ అమ్మాయి తిట్టలేదు. ఎర్ర సున్నాల కాగితం ఊడబెరికి పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది. మొగుడూ పెళ్లాం వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపల్నుంచి అరుపులేమీ వినబడలేదు. ఒకసారి పెద్దసారు నవ్వు మాత్రం వినబడింది. ఇంజనీరమ్మ బయటికొచ్చి మేస్త్రి వంక చూడలేదు, అతని భార్య వంక చూసింది.

"నమ్మలేదా?" అని అడిగింది ఆవిడ.

"నమ్మారు పిన్నీ. నమ్మే నవ్వారు."

లోపల జరిగింది ఆ పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. మూడు వాటంతట అవే మూసుకున్నాయి కదా, అంటే వస్తువు పనిచేస్తున్నట్టే అన్నాడట ఆయన. నూనె లోపల్నుంచి వస్తేనేం, పైనుంచి పోస్తేనేం, నూనె నూనే అన్నాడట. పైవాళ్లకి మాట ఇచ్చేశాం, గ్యాంగు కాగితాల మీద సంతకాలైపోయాయి, ఇప్పుడీ కథ బయటికొస్తే పరీక్ష చెడగొట్టినందుకు ముందు పోయేది మీ మేస్త్రే అన్నాడట. బస్సులు ఆపకపోతే డిపో దగ్గర ఇది నిలవదని ఆ పిల్ల మళ్లీ చెప్పింది. షెడ్డుకి వెళ్లి పనిచూసుకోమన్నాడు. నా వల్ల కాలేదు పిన్నీ అని ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఎవరిని ఎవరు ఓదార్చాలో ఆ వరండాలో ఎవరికీ తెలియలేదు.

నెలాఖరుకి సర్దేశారు. నిదానాన్ని తుక్కు యార్డుకి కాపలా పెట్టారు. అక్కడ అతను కాపలా కాసే సామాన్లలో అతని రోలరూ, తారు డ్రమ్మూ ఉన్నాయి. తారు వాళ్లనీ కంకర వాళ్లనీ తలో దిక్కుకీ పంపారు. మేస్త్రి భార్యకి డిపోలో ఊడ్చే పని. మేస్త్రికి నీళ్ల ట్యాంకు గేటు తీసి వేసే పని. వెళ్లే ముందు మేస్త్రి గ్యాంగు వాళ్లకి నిజం చెప్పాడు. ఎవరూ కొట్లాటకి రాలేదు. నిదానం మాత్రం అతని చేతుల వంక చూసి, నీ చేతులు అంతేలే అన్నయ్యా అన్నాడు. అదీ పోస్టుమాను నవ్వులాగే ఉంది. ఇంజనీరమ్మని కొన్నాళ్లకి వేరే ఊరికి మార్చారు. పోయేటప్పుడు ట్యాంకు గేటు దగ్గరికొచ్చి రేకుల గుత్తి మేస్త్రి చేతిలో పెట్టి, మీ దగ్గర ఉంచుకోండి బాబాయ్ అని వెళ్లిపోయింది.

పదకొండు కిలోమీటర్లూ కొత్త రోడ్డు పడింది. మొదట్లో నల్లగా నిగనిగలాడింది, చూడటానికి రెండు కళ్లూ చాలేవి కావు. అటూ ఇటూ బోర్డులు పాతారు, ఈ రోడ్డు తనంతట తానే బాగవుతుంది, ఎవరూ ముట్టుకోరాదు అని. చలికాలం పోయింది, ఎండలొచ్చాయి. ఎక్కడైతే బండ్లు తక్కువో అక్కడ మూసుకుంది కూడా. డిపో దగ్గర, మార్కెట్టు మలుపులో, సిగ్నళ్ల దగ్గర, చక్రం ఆగి కదిలిన ప్రతిచోటా నోళ్లు తెరిచింది. మేస్త్రి మొదట రెండు మూడింటికి నూనె పోశాడు. తర్వాత ఒక ఆదివారం లెక్కపెడదామని రోడ్డు పొడుగునా బయల్దేరి, రెండు వందలు దాటాక ఆపేశాడు. ఆఫీసుకి వెళ్లి చెబితే, అక్కడి గుమస్తా బోర్డు చదవలేదా అన్నాడు. దానంతట అదే మూసుకుంటుంది, నువ్వు వెళ్లి గేటు చూసుకో అన్నాడు. పోనీ ఎవరినైనా పంపండయ్యా అంటే, పంపడానికి ఎవరున్నారు, గ్యాంగు లేదుగా అన్నాడు.

ఓ సాయంత్రం డ్యూటీ దిగి మేస్త్రి డిపో దగ్గరికొచ్చాడు. భార్య చీపురు లోపల పెట్టి, సంచీ గొడుగూ పట్టుకుని బయటికొచ్చింది. మబ్బు బాగా దిగింది. తొమ్మిదో నంబరు ఉన్న చోటే, దాదాపు అదే పొడుగున, కొత్త రోడ్డు పగిలి ఉంది. నంబరు మాత్రం ఎవరూ వేయలేదు. మేస్త్రి మోకాలు టక్కుమంది. జేబులోంచి రేకుల గుత్తి తీసి ఒక్కొక్కటీ దించి చూశాడు.

"తొమ్మిదో రేకు" అన్నాడు. అని, లేవకుండా అలాగే కూర్చున్నాడు.

ఆవిడ చెయ్యి అలవాటుగా సంచీలోకి వెళ్లింది. అందులో పుస్తకం లేదు, పెన్సిలూ లేదు.

"రాశాను" అంది.

మొదటి చినుకులు పడ్డాయి. ఆవిడ గొడుగు విప్పింది. తన మీద పట్టడానికే అనుకుని మేస్త్రి కాస్త దగ్గరికి జరిగాడు. ఆవిడ అతని మీదా పట్టలేదు, తన మీదా పట్టుకోలేదు. వంగి, ఆ పగులు మీద పట్టింది. గొడుగు చిన్నది, సగానికే సరిపోయింది. మిగతా సగం మీద మేస్త్రి రెండు అరచేతులూ బోర్లించాడు. వాన పెద్దదైంది. అతని వేళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి దిగుతూనే ఉన్నాయి.

వెనక బస్సు హారను కొట్టింది. ఒకసారి కొట్టి ఆగింది, మళ్లీ కొట్టింది. ఇద్దరూ లేచి పక్కకి జరిగారు.